పాత యింటిని కొలిచి పడగొట్టుడు

పాత యిండ్లు పడగొట్టి క్రొత్తవి కట్టుకొనుట తప్పని మేము చెప్పబోము. సిమెంటు, ఇనుము అమ్మి బ్రదుకువారము అట్లు చెప్పిన నెవరు నమ్ముదురు? కుటుంబములు వేరుపడినవి. పిల్లలకు వేరు గదులు కావలెను. వృద్ధులకు పడకగది ప్రక్కనే స్నానపు గది కావలెను. ఇవి న్యాయమైన కోరికలే. ఇటీవల రాజపాళయమున గృహనిర్మాణమునకు పూనుకొనిన మన సోదరులు పలువురు, తాతగారి యింటి జ్ఞాపకము క్రొత్త యింటిలో కనబడవలెనని కూడ ఇంజనీరుతో చెప్పుచున్నారు. ఈ కోరిక మరియు మంచిది. అది నెరవేరుచున్న విధము మాత్రము మాకు నచ్చలేదు.

తాతగారి యింటిని యంత్రముతో రెండు దినములలో నేలమట్టము చేయించి, కారైకుడి బజారునకు పోయి పాత స్తంభములను, చెక్కడపు తలుపులను కొని తెచ్చి హాలులో నిలబెట్టుచున్నారు. అవి అందమైనవే, కాదనము. కాని అవి బర్మా, మలయా దేశములలో వ్యాపారము చేసి ధనము గడించిన నాటుకోట్టై చెట్టియార్ల జ్ఞాపకములు, మనవి కావు. మన యింటి దూలము లేమైనవి? పడగొట్టిన కాంట్రాక్టరు కూలికి బదులుగా బండి కెత్తుకొని పోయినాడు. పాత టేకు దూలములలోని మేకులను ఓపికగా తీయించి కోతమిల్లునకు పంపినచో ద్వారబంధములు, కిటికీలు, ఊయల బల్ల అన్నియు వచ్చును. మేకు మిగిలిన రంపపు పండ్లు విరుగునని మిల్లువారు ఒప్పుకొనరు. ఆ శ్రమకు వెరచి సొంత సొత్తును వదలి, పరుల సొత్తును వెల యిచ్చి కొనుట ఏపాటి వ్యాపారము?

అది యట్లుండ, తాతగారి యింటిని గూర్చి అడిగిచూడుడు. స్తంభముల నగిషీని ఎవరును చెప్పరు. సాయంకాలము అరుగుమీద ఎవరెవరు కూర్చుండెడివారో, నడిమి వాకిట వాన కురియునపుడు ఇత్తడి బిందెలు ఎట్లు వరుసగా పెట్టెడివారో, మామిడికాయ ముక్కలు ఏ మూల ఎండెడివో, అవి చెప్పుదురు. మన పిల్లలు బడిలో తమిళము, ఆంగ్లము చదువుచున్నారు. తెలుగు లిపి చదువగలవారు కొందరే. అయినను తరతరములుగా మన నోట తెలుగు నిలిచినదనిన, అరుగు, వంటయిల్లు, నడిమి వాకిలి నిలిపినవే. తలుపులు మూసికొను నాలుగు గదులు, గది కొక టెలివిజను, మనిషి కొక ఫోను అయినపుడు అవ్వ మాట మనుమరాలి చెవిని ఎచ్చట పడవలెను? ఇంజనీరు నకలు గీయునపుడు ఆయనను అడుగవలసిన మొదటి ప్రశ్న ఇదియే యని మా యభిప్రాయము.

వీధి హద్దునుండి కొంత స్థలము విడువవలెనని నేటి నియమములు చెప్పుచున్నవి గనుక, పూర్వమువలె వీధి నానుకొని అరుగు కట్టుట కుదరదు. గేటు దాటినంతనే, ఇంటి గోడ నానుకొని, కాళ్లు నేల కానునంత ఎత్తున, నలుగురు కూర్చుండునంత తిన్నె కట్టుకొనవచ్చును. తిన్నె యన్న మాట తమిళమని కొందరు సంకోచింతురు. అది మన నిఘంటువులలోను ఉన్న మాటయే.

ఇక నడిమి వాకిలి. గోదావరి సీమవారు దీనిని మండువ యందురు. మూడు సెంట్ల స్థలమున ఇది యెక్కడ అని నవ్వువారున్నారు. ఆరడుగులు, ఎనిమిదడుగులు చాలును. పైన ఇనుప కమ్మీలు వేసినచో దొంగ భయముండదు. వేడిగాలి పైకి పోవును, వెలుతురు లోపలికి వచ్చును. కాంక్రీటు కప్పు పగలు వేడిని పీల్చి రాత్రి మనమీద విడుచుచున్నదని పడుకొనువారందరు ఎరిగినదే. 2003 లో తమిళనాడు ప్రభుత్వము ప్రతి కట్టడమునకును వాననీటి సేకరణను తప్పనిసరి చేసినది గదా. అక్టోబరు నుండి డిసెంబరు వరకు వాకిట కురియు ఈశాన్యపు వానను గొట్టముద్వారా ఇంకుడు గుంతకు పంపినచో, చట్టమును నెరవేరును, ఇత్తడి బిందెల ముచ్చటయు మిగులును.

ఇల్లు నిలుచుటకు గోడలు మాత్రమే కారణము కావనుటకు మన యూరనే నిదర్శనమున్నది. 1949 నుండి 1952 వరకు మద్రాసు ప్రభుత్వమునకు నాయకులై, పిమ్మట ఒరిస్సా గవర్నరుగా నుండిన శ్రీ పూ. స. కుమారస్వామిరాజాగారు తమ సొంత యింటిని లలితకళల నిమిత్తము గాంధీ కలై మన్ఱమునకు ఇచ్చివేసిరి. పదిమంది కూడు చోటుగా ఆ యిల్లు పేరు పొందినది.

కావున పడగొట్టదలచినవారు ముందుగా టేపు పట్టుకొని పాత యింటిని కొలువుడు. అరుగు ఎత్తెంత, వాకిలి వెడల్పెంత, ఏ వేళకు ఎండ ఎచ్చటికి వచ్చును, అన్నియు కాగితముమీద గీయుడు. అవ్వలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని ప్రతి చోటికి వారు పలుకు పేరును, ఆ చోట జరిగిన పనిని వ్రాసికొనుడు. తెలుగు లిపి రానివారు తమిళ లిపిలో వ్రాసినను బాధలేదు. ఆ కాగితమును ఇంజనీరునకు ఇచ్చి, నకలు ఒకటి సంఘ కార్యాలయమునకు పంపినచో భద్రపరచుదుము. ఆడి మాసమున ఎవరును క్రొత్త పని మొదలుపెట్టరు. మేస్త్రీలును తీరికగా నుందురు. కొలతలకు ఆ నెల చాలును.