ఏళ్ల కష్టానికి ఒక్క పూట

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. ఆ గాలి నగరంతో ఆగలేదు. అనంతగిరి, అరకు, పాడేరు కొండల మీద కాఫీ తోటల్లో నీడ కోసం పెంచిన సిల్వర్ ఓక్ చెట్లను వేళ్లతో సహా పెళ్లగించింది. నలభై తొమ్మిది రోజుల తర్వాత, నవంబరు 30న, తెలుగు సినిమా పరిశ్రమ ‘మేము సైతం’ పేరిట హైదరాబాద్‌లో తారలందరినీ ఒకచోట చేర్చింది. పాటలు, ఆటలు, హాస్య నాటికలు, విరాళాల పిలుపులతో పొద్దుటి నుంచి రాత్రి దాకా టీవీలో ప్రత్యక్ష ప్రసారం నడిచింది. 11 కోట్ల రూపాయలకు పైగా పోగయింది. 1977లో దివిసీమ ఉప్పెన తర్వాత ఎన్టీఆర్, ఏఎన్నార్ వీధుల్లోకి వచ్చి జోలె పట్టినప్పుడూ జనం ఇలాగే ఇచ్చారు. విషాదం ఎదురుగా కనిపిస్తే తెలుగు ప్రేక్షకుడు చెయ్యి వెనక్కి తీసుకోడు. ఈ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే ఈ వ్యాసంలో నా ఫిర్యాదు ప్రేక్షకుడి మీద కాదు.

నన్ను బాధించేది ఆ మరుసటి రోజు. డిసెంబరు 1న అత్తాకోడళ్ల కథలు ఎక్కడ ఆగాయో అక్కడి నుంచే మళ్లీ మొదలయ్యాయి. కొండ మీద కష్టం మాత్రం అప్పుడప్పుడే మొదలవుతోంది.

కాఫీ తోట సంగతి తెలిసినవాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. తెలియనివాళ్లు ఎక్కువ కాబట్టి చెబుతాను. మన ఏజెన్సీలో పండే అరబికా మొక్క సూటి ఎండకు తట్టుకోలేదు. దానికి పైన చెట్టు నీడ ఉండాలి. ఆ నీడ చెట్టుకే మిరియాల పాదు పాకిస్తారు. నవంబరులో పండ్ల కోత మొదలవుతుంది. అక్టోబరు నెలంటే కాయ రంగు తిరిగే కాలం, ఏడాది పడ్డ శ్రమ చేతికొచ్చే వేళ. సరిగ్గా అప్పుడు గాలి వచ్చింది. కూలిన చెట్టు కింద కాఫీ మొక్క నలిగింది, మిరియాల పాదు చెట్టుతోపాటే పోయింది, బతికిన మొక్కకు గొడుగు లేకుండా పోయింది. కొత్త మొక్క నాటితే మొదటి కాపుకు మూడు నాలుగేళ్లు. నీడనిచ్చేంతగా చెట్టు ఎదగడానికి ఇంకా ఎక్కువ. అంటే ఒక్క ఆదివారం వీచిన గాలికి కుటుంబాలు 2018 దాకా, ఆ తర్వాత కూడా మూల్యం చెల్లించాయి. ఆ మధ్య కాలంలో ఏ ఇంట్లో చోళ్లు, సామల మీద గడిచింది, ఎవరు అప్పు చేశారు, ఎవరి పిల్లల చదువు ఆగింది, ఎవరు కొండ దిగి కూలికి వెళ్లారు? వార్తల బులెటిన్‌కు ఇవన్నీ వెంటబడి చూపించే ఓపిక ఉండదు. ఉండాలని కోరడం కూడా అన్యాయమేమో. దాని పని ఈ రోజు ఏం జరిగిందో చెప్పడం.

అంత ఓపిక ఉన్న రూపం తెలుగు టీవీలో ఒకటే ఉంది. అది రోజువారీ సీరియల్. ‘చక్రవాకం’, ‘మొగలిరేకులు’ వెయ్యి ఎపిసోడ్లు దాటాయి. ‘కార్తీకదీపం’ 2017 అక్టోబరులో మొదలై 2023 జనవరి దాకా సాగింది. సీరియళ్లను చులకన చేసి మాట్లాడటం చదువుకున్నవాళ్లలో ఒక అలవాటు. నాకు ఆ చులకన లేదు. ఐదేళ్లపాటు ప్రతి సాయంత్రం ఒకే మనిషి కష్టసుఖాల దగ్గర కోట్లమందిని కూర్చోబెట్టడం నవలకు, సినిమాకు, పత్రికకు సాధ్యం కాని పని. ‘కార్తీకదీపం’లో భర్త అనుమానానికి గురైన నాయిక వంటలక్క మాట ఎప్పుడు నమ్ముతారా అని తెలుగు ఇళ్లు ఏళ్ల తరబడి ఎదురుచూశాయి. ఒక ఆడమనిషి నిజం చెబుతోందని, లోకం ఆమెను నమ్మడం లేదని ప్రేక్షకులకు మొదటి నుంచీ తెలుసు. ఆ తెలిసిన బాధే వాళ్లను కట్టిపడేసింది.

ఇక్కడే నాకు వాకపల్లి గుర్తొస్తుంది. జి.మాడుగుల మండలం నుర్మతి పంచాయతీలోని చిన్న గూడెం అది. 2007 ఆగస్టు 20న మావోయిస్టుల కోసం కూంబింగ్‌కు వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారానికి పాల్పడ్డారని అక్కడి పదకొండు మంది కోందు ఆదివాసీ మహిళలు చెప్పారు. కేసు హైకోర్టుకు, సుప్రీంకోర్టుకు వెళ్లింది. చివరికి పదమూడు మందిపై విచారణ నడిచింది. 2023 ఏప్రిల్ 6న విశాఖలోని ప్రత్యేక న్యాయస్థానం వారిని నిర్దోషులుగా విడుదల చేసింది. ఆ తీర్పులోనే దర్యాప్తు అధికారుల వైఫల్యాన్ని తప్పుపట్టింది, మహిళలకు పరిహారం ఇవ్వాలని ఆదేశించింది. దాదాపు పదహారేళ్లు! ఇంతకాలం ఆ స్త్రీలు ఎలా బతికారు, ఎన్నిసార్లు కొండ దిగి విశాఖ వెళ్లారు, ఎన్నిసార్లు అదే సంగతి కొత్త మనుషుల ముందు మళ్లీ చెప్పవలసి వచ్చింది? మన తెరల మీద ఈ ప్రశ్నల చుట్టూ అల్లిన కథ ఒక్కటీ నాకు కనిపించలేదు.

వార్తకు ఇక్కడ ఒక హద్దు ఉంది, అది న్యాయమైన హద్దే. ఇలాంటి కేసుల్లో బాధితుల పేర్లు బయటపెట్టకూడదని చట్టం చెబుతుంది. పాత శిక్షాస్మృతిలో 228-ఏ సెక్షన్, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 72వ సెక్షన్. ఆ రక్షణ అవసరం. కానీ దాని వల్ల పత్రికలో, టీవీలో ఆ మహిళలు పదహారేళ్లూ ‘పదకొండు మంది’గానే మిగిలిపోయారు. ముఖం లేదు, మాట లేదు, ఇల్లు లేదు. వార్త దాటలేని ఆ గీతను కల్పన గౌరవంగా దాటగలదు. కల్పిత గూడెం, కల్పిత పేరు, పొలం పనికి వెళ్లే ఒక కల్పిత తల్లి ఉంటే చాలు. ఎవరి ఆచూకీ బయటపడదు. ఆ పదహారేళ్లు మాత్రం చూసేవాళ్ల కళ్ల ముందు నడుస్తాయి. నాటకానికి ఇంతకంటే గొప్ప ఉపయోగం నేను ఊహించలేను.

నాటకం తొందరపడితే ఏమవుతుందో అమెరికాలో చూశాం. 2001 సెప్టెంబరు 11 దాడులు జరిగిన ఇరవై రెండో రోజున, అక్టోబరు 3న, ‘ది వెస్ట్ వింగ్’ సీరియల్ ఒక ప్రత్యేక ఎపిసోడ్ ప్రసారం చేసింది. అధ్యక్ష భవనం చూడటానికి వచ్చిన బడి పిల్లలు భద్రతా కారణాలతో లోపలే చిక్కుకుపోతారు. ఉద్యోగులు వాళ్లకు ఉగ్రవాదం గురించి వివరిస్తూ కూర్చుంటారు. దేశం బాధలో ఉన్నప్పుడు మౌనంగా ఉండలేదని కొందరు మెచ్చుకున్నారు. నాటకం కాస్తా పాఠంగా మారిపోయిందని విమర్శకుల్లో చాలామంది అన్నారు. నేను రెండో పక్షమే. గాయం పచ్చిగా ఉన్నప్పుడు రచయితకు మనుషులు కనిపించరు, అభిప్రాయాలే కనిపిస్తాయి.

దీనికి పూర్తిగా వేరైన అనుభవం బ్రిటన్‌ది. అక్కడి పోస్టాఫీసుల కంప్యూటర్ వ్యవస్థ చూపించిన తప్పుడు లెక్కల వల్ల తొమ్మిది వందల మందికి పైగా దొంగతనం, మోసం లాంటి నేరాల కింద శిక్ష పడింది. 2009 నుంచే పత్రికలు రాస్తున్నాయి. కోర్టు తీర్పులొచ్చాయి, బహిరంగ విచారణ మొదలైంది. అయినా జనంలో కదలిక లేదు. 2024 జనవరి మొదటి నాలుగు రాత్రులు ఐటీవీలో ‘మిస్టర్ బేట్స్ వర్సెస్ ది పోస్ట్ ఆఫీస్’ వచ్చింది. చిన్న ఊళ్లలో కౌంటర్ వెనక కూర్చునే మామూలు మనుషుల కథ అది. పోస్టాఫీసు మాజీ అధిపతి తన ప్రభుత్వ బిరుదును తిరిగి ఇచ్చేయాలన్న విజ్ఞప్తిపై పది లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి, ఆమె ఇచ్చేశారు. మే నెలకల్లా ఆ శిక్షలను రద్దు చేస్తూ చట్టం వచ్చింది. పదిహేనేళ్ల వార్తలు కదపలేని పార్లమెంటును నాలుగు రాత్రుల నాటకం కదిపింది. చూసినవాళ్లు కన్నీళ్లు పెట్టుకుని ఊరుకోలేదు, ఇప్పుడేం చేస్తారని అడిగారు.

మన దగ్గర ఇది కుదరదని టీవీ వాళ్లు చెప్పే కారణం నాకు తెలుసు. తుపాను అందరికీ శత్రువే. కొండల్లో చావులు అలా కావు, అవి జనాన్ని రెండుగా చీలుస్తాయి. 2008 జూన్ 29న బలిమెల జలాశయంలో పడవ మీద మావోయిస్టులు చేసిన దాడిలో ముప్పై మందికి పైగా జవాన్లు చనిపోయారు. 2018 సెప్టెంబరు 23న డుంబ్రిగుడ మండలం లివిటిపుట్టు దగ్గర అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావును, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమను మావోయిస్టులు చంపారు. ఆ సాయంత్రం ఆగ్రహించిన జనం డుంబ్రిగుడ, అరకు పోలీస్ స్టేషన్ల మీద పడ్డారు. ఇవి కథగా తీస్తే ఎవరో ఒకరికి కోపం వస్తుందన్న భయం ఉత్తిది కాదు. 2024 ఆగస్టులో కాందహార్ విమాన హైజాక్ సిరీస్ విడుదలైనప్పుడు హైజాకర్ల మారుపేర్ల మీదే పెద్ద దుమారం రేగింది. చివరికి నెట్‌ఫ్లిక్స్ వాళ్ల అసలు పేర్లు మొదట్లో చేర్చవలసి వచ్చింది.

కానీ ఈ దేశం ఇంతకంటే కష్టమైన కథనే దూరదర్శన్‌లో చూసింది. భీష్మ్ సాహ్నీ నవల ఆధారంగా గోవింద్ నిహలానీ తీసిన ‘తమస్’, దేశ విభజన హింస మీద, 1988లో వచ్చింది. ఆపాలని కొందరు కోర్టుకెక్కారు. బొంబాయి హైకోర్టు న్యాయమూర్తులు చూసి ప్రసారానికి అనుమతించారు. సుప్రీంకోర్టు కూడా ఆపలేదు. ఒక దృశ్యం ప్రభావాన్ని వివేకం, మనోధైర్యం ఉన్న మనిషి ప్రమాణంతో కొలవాలి తప్ప ప్రతిదానికీ బెదిరిపోయేవాడి ప్రమాణంతో కాదని తేల్చింది. ఆ తీర్పు వచ్చి మూడున్నర దశాబ్దాలు దాటింది. మన ఛానళ్లు ఇంకా బెదిరిపోయే ప్రేక్షకుడినే ఊహించుకుంటున్నాయి.

కొండ తెర మీదకు రాదని కాదు, వస్తుంది. కొత్త జంట విహారానికి అరకు, పాటకు బొర్రా గుహలు, వెనక ధింసా ఆడే స్త్రీల వరస. ఆదివాసీ పాత్ర ఉంటే దానికి నెత్తిన ఈకలు, ఎవరూ మాట్లాడని వంకర తెలుగు. అరకు సంతలో ఒక గంట నిలబడితే ఆదివాసీ ఒడియా, కువి, తెలుగు కలగలిసి వినిపిస్తాయి. ఆ మాటలు మాట్లాడే ఇళ్లలోనూ డిష్‌లు ఉన్నాయి, సాయంత్రం సీరియల్ నడుస్తుంది. వాళ్లు మన కథలన్నీ చూస్తున్నారు. మనమే వాళ్ల కథ చూడటం లేదు.

ప్రైవేటు ఛానల్‌కు రేటింగ్ లెక్క ఉంటుందంటే ఒప్పుకుంటాను. ప్రజల డబ్బుతో నడిచే దూరదర్శన్ సప్తగిరికి ఆ సాకు లేదు. హుద్‌హుద్ తర్వాతి నాలుగేళ్ల మీద ఒక కాఫీ రైతు కుటుంబం కథ అది తీయవచ్చు. రాయడానికి, నటించడానికి పాడేరు, అరకుల్లో చదువుకున్న ఆదివాసీ యువత ఉన్నారు. కూలిన తోటలో మళ్లీ మొక్క నాటినవాళ్ల పిల్లలే కొందరు. వాకపల్లి లాంటి కథకు చెయ్యి వేస్తే మాత్రం షూటింగ్‌కు ముందే స్క్రిప్టు పట్టుకుని ఆ గూడెం వెళ్లాలి, వాళ్ల భాషలో చదివి వినిపించాలి. తయారైన ఎపిసోడ్ మొదట అక్కడే చూపించాలి. ఫలానా సన్నివేశం వద్దని ఆ మహిళల్లో ఒక్కరన్నా దాన్ని తీసేయాలి, అందుకోసం ప్రసారం తేదీ మారినా సరే.