రెండేరుల నడుమ బండ్లగూడ

గోపన్‌పల్లి నుండి బయలుదేరి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్టులోని గాజుమేడలను దాటి, నార్సింగి మీదుగా మూసీ కవ్వలికిఁ బోయిన వారికి బండ్లగూడ జాగీరు గోచరించును. ఒకప్రక్క మూసీ, వేఱొకప్రక్క ఈసీ. ఈ రెండేరులును లంగర్‌హౌజు చెంత బాపూఘాటునొద్ద కలిసికొనును; 1948 ఫిబ్రవరిలో మహాత్ముని చితాభస్మమును నిమజ్జనము చేసిన సంగమ మదియే. హైదర్షాకోట, కిస్మత్‌పురము, పీరంచెరువు, గంధంగూడ మొదలగు పల్లెలు కూడి 2018లో పురపాలక సంఘమై, మరుసటి సంవత్సరమే నగరపాలక సంస్థ యయ్యెను. జాగీర్లు 1949లోనే రద్దయినను పేరు మాత్రము విడువలేదు.

ఇంతలో ఆ చిన్ననగరము కథ ముగిసినది. 2025 డిసెంబరులో ప్రభుత్వము ఏడు కార్పొరేషనులను, ఇరువది మునిసిపాలిటీలను గ్రేటర్ హైదరాబాదులో విలీనము చేసెను. ఆ యేడింటిలో బండ్లగూడ యొకటి. 2020 జనవరిలో ప్రజ లెన్నుకొన్న సభ్యుల పదవీకాలము 2025 జనవరికే తీరిపోయి, ఊరు ప్రత్యేకాధికారి చేతిలో నుండెను. కావున విలీనమునకు అవుననుటకుఁ గాని కాదనుటకుఁ గాని అక్కడ ప్రజాప్రతినిధి యొక్కఁడును లేఁడు. మా ఫిర్యాదు విలీనముపైఁ గాదు, ఈ మౌనముపైన.

ఇది యే గట్టునేలమీఁది యూరో యైనచో నింత చెప్పఁబనిలేదు. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి వేలకొలఁది ప్రాణములను బలిగొన్న పిమ్మట, విశ్వేశ్వరయ్యగారి సూచనల ననుసరించి మూసీపై ఉస్మాన్‌సాగరును 1920లోను, ఈసీపై హిమాయత్‌సాగరును 1927లోను కట్టిరి. ఆ రెండు కట్టల దిగువనే నేఁటి బండ్లగూడ యున్నది. ఎగువ వర్షము హెచ్చి గేట్లెత్తినచో మొదట నీటిని చూచువారు వీరే. జలాశయముల పరీవాహకమును కాపాడుటకై 1996లో వెలువడిన 111వ సంఖ్య ఉత్తరువు ఎనుబదినాలుగు గ్రామములలో కట్టడములను నియంత్రించెను; 2022లో 69వ సంఖ్య ఉత్తరువుతో ఆ యాంక్షలు షరతులపై తొలఁగింపఁబడెను. నేల కాంక్రీటైన కొలఁది వాన యింకక వేగముగా ఏటిలోఁ బడును. 2025 సెప్టెంబరులో వరద మహాత్మాగాంధీ బస్‌స్టేషనులోనికే వచ్చినది గదా!

జపానులో తోక్యో మహానగర పరిధిలో, తామానది యొడ్డున కొమాయె యను నగరమొకటి గలదు. వైశాల్యము ఆరున్నర చదరపు కిలోమీటరులకు లోపు. మన మండలములో నొక మూల. 1974 సెప్టెంబరులో అక్కడ గట్టు తెగి పందొమ్మిది యిండ్లు ఏటిపాలయ్యెను. నీటిని నిలుపుటకు కట్టిన ఆనకట్టయే ప్రవాహమును గట్టువైపు త్రోసినది. ఇండ్లు పోఁగొట్టుకొన్నవారు ప్రభుత్వముపై వ్యాజ్యము వేసి, పై న్యాయస్థానములన్నిటికిని తిరిగి, 1992లో తోక్యో హైకోర్టులో గెలిచిరి. నది నిర్వహణము రాజ్యపు బాధ్యత యని వారు పట్టు వదలలేదు. మఱి యా నగరమో? నీటిసరఫరాను, అగ్నిమాపకమును తోక్యోకప్పగించి, తన సభను, మేయరును తనయొద్దనే యుంచుకొని నేఁటికిని నిలిచి యున్నది. పెద్దచేయి కావలసిన పని పెద్దవానికి, దగ్గఱి కన్ను కావలసిన పని దగ్గఱివానికి.

గోపన్‌పల్లివారికిఁ గూడ నిది క్రొత్తకాదు. శేరిలింగంపల్లి పురపాలక సంఘము 2007లో మహానగరమునఁ గలిసినది. రహదారులు వెడల్పైనవి, భూముల వెలలు మిన్నంటినవి. ఆ లాభము ననుభవించుచు విలీనమును దూషించుట మాకుఁ దగదు. కాని యొక వీథిలో మురుగు నిలిచినచో నెవరి నడుగవలెనో తెలియుటకే దినములు పట్టును.

కావున మేము కోరునవి కొలఁదియే. రెండేరుల వరదహద్దును నేలపై రాళ్లు పాతి చూపవలెను. పటములలో చూపిన చాలదు. గేట్లెత్తు వేళ కిస్మత్‌పురము వంతెనకడ, హైదర్షాకోట సందులలో హెచ్చరిక వినఁబడవలెను. ఆ హెచ్చరికకు జవాబుదారియైన మనుష్యుఁ డొకఁడు ఆ యూరివారు ఎన్నుకొన్నవాఁడై యుండవలెను. వచ్చు వానకారులోగా నింతమాత్రము చేయుటకు క్రొత్త చట్టమేమియు నక్కఱలేదు.