ఏకాంతానికి నెలచందా
ఒంటరిగా ఆడుకునే ఆటను పదిమందిలోకి లాగితే పాత అభిమానులు గగ్గోలు పెడతారు. వాళ్లది చాదస్తమని కొట్టిపారేసేవాళ్లూ ఉంటారు. ‘ఫాలౌట్ 76’ విషయంలో నేను చాదస్తుల పక్షమే. 1997లో మొదలైన ఈ ‘ఫాలౌట్’ ఆటల వరసలో అసలు రుచంతా, అణుయుద్ధంలో బూడిదైన అమెరికాలో ఒక్కరమే తిరుగుతూ, ఎదురైనవాళ్లతో మాట కలిపి, ఎవరిని నమ్మాలో ఎవరిని ముంచాలో మనమే తేల్చుకోవడంలో ఉంది. 2018 నవంబరులో ఆటల సంస్థ బెథెస్డా దాన్ని ఆన్‌లైన్ ఆటగా మార్చింది. వెస్ట్ వర్జీనియా కొండల్ని అందంగానే గీశారు, కాదనను. కానీ కథ నడిపే మనుషుల్నే తీసేశారు! కనబడే ప్రతి మనిషీ ఇంకో ఆటగాడేనట. మిగిలినవి రోబోలు, టేపుల్లో చచ్చిపోయినవాళ్ల గొంతులు. శవం పక్కన నిలబడి ఆ టేపు వింటుంటే ఎవడో లోదుస్తులతో వచ్చి ఎదురుగా గంతులేస్తాడు. ఇక విషాదం ఏం నిలుస్తుంది? బగ్గుల గోల సరేసరి. పైగా 2019 అక్టోబరులో, మీదైన ప్రత్యేక లోకం కావాలంటే నెలకు 12.99 డాలర్లు కట్టమన్నారు. పాత ఆటల్లో ఊరికే దొరికిన ఏకాంతానికి చందా అన్నమాట. 2020 ఏప్రిల్‌లో ‘వేస్ట్‌ల్యాండర్స్’ అనే అప్‌డేట్‌తో మనుషుల్ని, సంభాషణల్ని తిరిగి తెచ్చారు. అభిమానులు మొదటినుంచీ అడుగుతున్నది అదే. ఆట కుదుటపడింది. కొత్తగా చేరినవాళ్లకు మందులూ తూటాలూ ఉచితంగా పంచిపెట్టే దొడ్డ మనసున్న ఆటగాళ్లు ఇప్పుడందులో ఉన్నారు. వాళ్లకో దండం, నేను మాత్రం ఒంటరిగా ఆడుకునే ‘ఫాలౌట్ 4’ వదిలి రాను.