వెనుక సీటులోని దాహం

కిందటి క్రిస్మస్‌కు హైదరాబాదు నుంచి ఉద్దానంలోని మా సొంతూరికి వ్యానులో బయలుదేరాం. ఎనిమిది వందల కిలోమీటర్లకు పైబడిన దారి. మాతోపాటు మా అమ్మ, మేము పెంచుకుంటున్న రెండు కుక్కలు. ‘హాయిగా రైల్లో పోక కుక్కల కోసం వ్యానేమిటి?’ అని సంఘంలో కొందరు నవ్వారు. అమెరికా రచయిత జాన్ స్టైన్‌బెక్ 1960లో చార్లీ అనే తన కుక్కను వెంటబెట్టుకుని దేశమంతా బండిలో తిరిగివచ్చి, ఆ ప్రయాణం మీద పుస్తకమే రాశారు. మాకు అంత పెద్ద ఉద్దేశమేదీ లేదు. వాటిని గొలుసుతో కట్టేసి పండుగకు వెళ్లడానికి మనసొప్పలేదు, అంతే.

కుక్కలతో దూరప్రయాణం ఎలా చేయాలో ముందే పశువైద్యుణ్ణి అడిగి తెలుసుకున్నాం. కడుపునిండా పెట్టి బండి ఎక్కించకూడదు. రెండు మూడు గంటలకోసారి దించి నీళ్లు పట్టాలి, కాసేపు నడిపించాలి. తలుపులు మూసి ఎండలో వదిలేస్తే కొద్దిసేపటికే ప్రాణం మీదికి వస్తుంది. మనిషిలా కుక్కకు ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక చాపి ఒగర్చుతూ వేడిని పోగొట్టుకుంటుంది. ఇవన్నీ తప్పకుండా పాటించాం. విశాఖ దాటేసరికి తెల్లవారింది. భోగాపురం దాటాక ఒకచోట, నరసన్నపేట దాటాక మరోచోట చెట్ల నీడ చూసి ఆపాం. కుక్కలు హుషారుగా తిరిగి బండెక్కాయి.

ఊరు చేరేసరికి అమ్మ ముఖం వాడిపోయింది. దిగబోతూ కళ్లు తిరిగి తలుపు పట్టుకుంది. రాత్రి నుంచి రెండు గుక్కల నీళ్లు కూడా తాగలేదని అప్పుడు తెలిసింది. ‘ఎందుకమ్మా?’ అంటే, ‘నీళ్లు తాగితే బండి ఆపమనాలి కదా నాయినా. ఆ డ్రైవరు కుర్రోడి ఎదర ఎలగ అడగడం?’ అంది. దారి పొడవునా మేము ఆగిన ప్రతిచోటా నీడ ఉంది, గడ్డి ఉంది. మరుగుదొడ్డి మాత్రం ఒక్కచోటా లేదు. దాని కోసం మేము వెతకనే లేదు.

కవిటి, సోంపేట, పలాస, వజ్రపుకొత్తూరు పల్లెల్లో మూత్రపిండాల వ్యాధి దశాబ్దాలుగా ఎన్ని ఇళ్లలో దీపాలు ఆర్పిందో మాకు తెలుసు. 2023 డిసెంబరులో పలాసలో దానికోసం ప్రత్యేకంగా ఆసుపత్రి కూడా ప్రారంభమైంది. అలాంటి నేలకు చెందిన తల్లి మా కళ్లెదుటే నీళ్లు మానుకుని కూర్చుంటే మేము గమనించలేదు.

కుక్కల మీద పెట్టిన ప్రేమ మనుషుల దగ్గర దొంగిలించినదే అని కొందరంటారు. మేము ఒప్పుకోం. నీతిమంతుడు తన పశువు ప్రాణాన్ని కూడా పట్టించుకుంటాడని సామెతల గ్రంథం (12:10) చెబుతోంది. పశువులను విడిచి వెళ్లమని ఫరో అన్నప్పుడు, ఒక్క డెక్క కూడా వెనుక మిగలదని మోషే తేల్చి చెప్పాడు (నిర్గమ 10:26). తప్పు కుక్కలను ప్రేమించడంలో లేదు. నోరులేని జీవి అవసరాన్ని అడగకుండానే కనిపెట్టిన మేము, నోరుండీ అడగలేని మనిషి అవసరాన్ని కనిపెట్టలేకపోయాం. తప్పంతా అక్కడే ఉంది.

ఏశావు నాలుగు వందల మందితో ఎదురొచ్చి, కలిసి ప్రయాణం చేద్దామన్నాడు. యాకోబు తన వెంట ఉన్న పసిపిల్లలను, పాలిచ్చే మందలను చూసుకున్నాడు. ఒక్కరోజు వడిగా తోలినా మంద చచ్చిపోతుందని చెప్పి, వాటి నడకకు, పిల్లల నడకకు తగినట్టు మెల్లగా వస్తానన్నాడు (ఆదికాండము 33:13, 14). మందనూ పిల్లలనూ ఆయన ఒక్క మాటలో కలిపి చెప్పాడు. మా వ్యానులో ఆ మాట సగమే నెరవేరింది.

ఇది మా ఒక్క ఇంటి సంగతేనా? సువార్త సభలకు, యువజన కూటాలకు వ్యాన్లు, ఆటోలు మాట్లాడుకుని వెళ్తుంటాం. భోజనం ఏర్పాట్లు, మైకుసెట్టు గురించి రాత్రి పొద్దుపోయేదాకా చర్చిస్తాం. ముసలమ్మలు దారిలో ఎక్కడ దిగాలో ఎవరైనా అడుగుతున్నారా? మన ప్రార్థన మందిరాల్లో ఎన్నింటిలో స్త్రీలకు మరుగుదొడ్డి ఉంది? ఆరాధన అయ్యేదాకా దాహం బిగబట్టుకుని కూర్చున్న తల్లులు ప్రతి ఆదివారం మన మధ్యే ఉన్నారు. వాళ్లు ఫిర్యాదు చేయరు. కాబట్టి మనమే ముందుగా అడగాలి. అడగడం దగ్గర ఆగిపోకుండా ఏర్పాటు చేయాలి.

తిరుగు ప్రయాణంలో మరుగుదొడ్లు శుభ్రంగా ఉన్న పెట్రోలు బంకులు, హోటళ్ల దగ్గర ఆగుతూ వచ్చాం. బండి దిగేటప్పుడు మా ఇంటి ఆడవాళ్లే ముందుగా దిగి, ‘రా అత్తమ్మా, మనమూ వెళ్లొద్దాం’ అని చెయ్యందించారు. ఇల్లు చేరడానికి రెండు గంటలు ఎక్కువ పట్టింది. కుక్కలకు వాటి చెట్లు దొరికాయి. అమ్మ మూడు సీసాల నీళ్లు తాగింది.