చింతచెట్టు ఎక్కే మనిషికి తాడు ఎవరివ్వాలి?



అమెరికాలో ఉద్యోగం చేసుకొంటున్న మా మనవడు మొన్నటి శివరాత్రికి సెలవుపై వచ్చినాడు. వానికి విమానం నుండి పారాచూట్‌తో దూకే వ్యసనం ఉంది. వ్యసనమన్నది నా మాట. వాడు దానిని క్రీడ అంటాడు. ఇప్పటికి మూడు వందల సార్లకు పైగా దూకినాడు. పెనుకొండ సమీపంలోని బంధువుల గ్రామానికి వానిని వెంట తీసుకొని వెళ్ళినాను. దారిలో రోడ్డు ప్రక్కన చింతకాయ దులుపుతున్నారు. యాభై ఏండ్లు దాటిన మనిషి ఒకడు, నలభై అడుగుల ఎత్తున, వట్టి పాదాలతో కొమ్మపై నిలబడి, రెండు చేతులతోనూ దోటి పట్టుకొని కాయ రాలుస్తున్నాడు. క్రింద ఆడవాళ్ళు ఏరుతున్నారు.

మనవడు కారు ఆపించినాడు. పదమూడు వేల అడుగుల నుండి దూకే పిల్లవాని ముఖంలో నేను భయం చూచినాను. "తాతా, అతనికి తాడు లేదేమి?" అన్నాడు. "చిన్నప్పటి నుండి ఎక్కుతున్న మనిషిలే, అలవాటు" అన్నాను. "మా దగ్గర చనిపోయేవారిలో చాలామంది కూడా అలవాటున్నవారే తాతా" అన్నాడు.

ఆ మాట నన్ను చాలా రోజులు వదలలేదు. ఎందుకంటే అది నాకు తెలియని విషయం కాదు. ప్రభుత్వ వైద్యునిగా పని చేసిన కాలంలో, ఏటా మాఘం నుండి చైత్రం వరకు చెట్టు పై నుండి పడినవారిని చూస్తూనే వచ్చినాను. వారిలో మొదటిసారి చెట్టెక్కిన కుర్రవారు తక్కువ. ఎక్కువమంది ఊరిలో పేరున్న చెట్టెక్కేవారే. అయినా నేను రిజిస్టరులో "చెట్టు నుండి పడుట" అని మూడు మాటలు వ్రాసి ఊరుకొన్నాను. ఏ కొమ్మ విరిగింది, ఎంత ఎత్తు, ఏ వేళ, తాడు ఉందా లేదా అని ఒక్కనాడైనా అడిగి వ్రాసిన పాపాన పోలేదు. ఈ వ్యాసం ఒక విధంగా ఆ లోపానికి నేను చెప్పుకొంటున్న సంజాయిషీ.

మన ప్రాంతానికి చింత ఎంత ముఖ్యమో నేను చెప్పనక్కరలేదు. హిందూపురం మార్కెట్ యార్డుకు సీజనులో వచ్చే కరిపులి, ఫ్లవర్ రకాల చింతపండు ఎక్కడెక్కడి వంటిండ్లకో చేరుతుంది. ధర పెరిగిందా తగ్గిందా అన్న వార్త పత్రికలో వస్తుంది. ఆ కాయను క్రిందికి దింపిన మనిషి పడితే మాత్రం వార్త రాదు. వచ్చినా రెండు వాక్యాలు.

పడితే ఏమవుతుందో కొంచెం లెక్క చూడండి. ముప్పై అడుగుల ఎత్తు నుండి జారిన మనిషి నేలను తాకడానికి ఒకటిన్నర సెకను కూడా పట్టదు. తాకే క్షణానికి వేగం గంటకు సుమారు 48 కిలోమీటర్లు. కాళ్ళపై పడితే మొదట మడమ ఎముకలు చిట్లుతాయి. ఆ దెబ్బ పైకి ప్రాకి, వీపు నడుమును కలిసే చోట, అంటే పన్నెండవ వీపు పూస, మొదటి నడుము పూసల వద్ద ఎముకను నుగ్గు చేస్తుంది. అందుకే ఎత్తు నుండి పడి మడమ విరిగిన ప్రతివానికీ వెన్ను కూడా పరీక్షించాలని మాకు విద్యార్థి దశలోనే నేర్పుతారు. విరిగిన పూస వెన్నుపామును నొక్కితే కాళ్ళు చచ్చుబడతాయి. మూత్రంపై, మలంపై అదుపు పోతుంది. ఆ తరువాత మనిషిని చంపేది చాలాసార్లు ఆ దెబ్బ కాదు. పిరుదులపై పడే పుండ్లు, మూత్రాశయంలో మళ్ళీ మళ్ళీ వచ్చే ఇన్ఫెక్షను, వాటి వలన చెడిపోయే మూత్రపిండాలు.

ధర్మవరం ప్రక్క గ్రామం నుండి వచ్చిన ఒక రోగిని నేను మరువలేదు. భార్య మగ్గం పనికి పోయేది. ఇతడు సీజనులో చెట్లెక్కేవాడు. నడుము క్రింద స్పర్శ పోయిన తరువాత, "సార్, నాకు గుంట మగ్గం మీద కూర్చొని నేసే పని వస్తుంది, కూర్చోబెడితే చాలు" అని అడిగినాడు. గుంట మగ్గానికి కాళ్ళతో తొక్కాలని అతనికి తెలియదా? తెలుసు. నన్ను అడగడానికి అతనికి మరేమీ మిగలలేదు.

ఇక మనవడు చెప్పిన విషయాలకు వస్తాను. పారాచూట్ క్రీడ ప్రమాదకరమైనదే. అందులో సందేహం లేదు. అయితే 1970లలో అమెరికాలో ఈ క్రీడలో ఏటా సగటున నలభై మందికి పైగా మరణించేవారు. 2023లో సుమారు 36 లక్షల 50 వేల సార్లు దూకితే పది మంది మరణించారు. ఆకాశం మెత్తబడలేదు, నేల గట్టిదనం తగ్గలేదు. మారినది పద్ధతి. ఆ పద్ధతిలో నాలుగు అంశాలు నాకు ప్రధానంగా కనిపించినాయి.

మొదటిది, రెండవ ఆధారం. ప్రతివాని వీపు మీద ప్రధాన పారాచూట్‌తో పాటు అదనపు పారాచూట్ ఉంటుంది. దానిని మడత పెట్టే అర్హత లైసెన్సు ఉన్న నిపుణునికే ఉంది. వాడినా వాడకున్నా అక్కడి నిబంధన ప్రకారం 180 రోజులకొకసారి విప్పి, పరీక్షించి, మళ్ళీ మడవాలి. 1991లో జర్మనీలో తయారైన సైప్రెస్ అనే చిన్న యంత్రం దీనికి తోడైంది. దూకిన మనిషి స్పృహ తప్పినా, ఎత్తు మరచిపోయినా, సుమారు 750 అడుగుల వద్ద ఇంకా అతి వేగంగా పడుతూ ఉంటే అదే అదనపు పారాచూట్‌ను తెరుస్తుంది. మనిషి పొరబడతాడు అని ముందే అంగీకరించి తయారు చేసిన పరికరమది.

రెండవది, తనిఖీ. పరికరం తొడుక్కొనే ముందు ఒకసారి, విమానం ఎక్కే ముందు ఒకసారి, దూకే ముందు మరొకసారి పట్టీలు, కొక్కెములు చూచుకొంటారు. వెయ్యి సార్లు దూకినవాడైనా తన వీపు వైపు మరొకరికి చూపించుకొంటాడు. అందులో నామోషీ లేదు.

మూడవది, విరామం తరువాత తిరిగి శిక్షణ. మొదటి స్థాయి లైసెన్సు ఉన్నవాడు అరవై రోజులు దూకకపోతే బోధకుని పర్యవేక్షణలో మళ్ళీ మొదలు పెట్టాలి. అత్యున్నత స్థాయివానికి సైతం ఆరు నెలల గడువే. మన చెట్టెక్కేవాడో, ఏప్రిల్‌లో దిగినవాడు మళ్ళీ ఫిబ్రవరిలో ఎక్కుతాడు. నడుమ పది నెలలలో వయసు పెరిగింది, బరువు పెరిగింది, కన్ను తగ్గింది, చక్కెర వ్యాధి వచ్చి ఉండవచ్చు. మొదటి రోజే నలభై అడుగులు ఎక్కుతాడు.

నాలుగవది, ప్రమాదాన్ని దాచకపోవడం. ప్రతి మరణాన్నీ పరిశీలించి, పేరు చెప్పకుండా, ఏమి జరిగింది, ఏమి చేసి ఉంటే జరిగేది కాదు అని తమ పత్రికలో ప్రచురిస్తారు. మా వానికి ఆ కథనాలన్నీ కంఠస్థం. పరికరం చక్కగా తెరుచుకొన్న తరువాత, నేలకు దగ్గరగా వేగంగా మలుపు తిప్పబోయి మరణించిన అనుభవజ్ఞుల కథలు వాటిలో అనేకం. పరికరం కాదు, ధీమా చంపింది.

విలాసానికి దూకేవారికి ఇన్ని జాగ్రత్తలు ఉండగా, పొట్ట కోసం ఎక్కేవానికి ఒక తాడైనా లేకపోవడం న్యాయమా? ఇదే నా ప్రశ్న.

"ఇది మన దగ్గర కుదరదు" అనే మిత్రులకు ఒక ఉదాహరణ. తెలంగాణ ప్రభుత్వం 2024 జూలై 14న రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో కల్లుగీత కార్మికులకు 'కాటమయ్య రక్షక' పేరుతో రక్షణ కిట్ల పంపిణీ ప్రారంభించింది. మోకుతో తరతరాలుగా తాడిచెట్లు ఎక్కుతున్నవారికి నడుముకు, తొడలకు పట్టీలు, తాళ్ళు, కొక్కెములు ఇచ్చి, వాటి వాడకంలో శిక్షణ కూడా ఇచ్చినారు. దానికి వారు తమ కులదైవం పేరు పెట్టుకోవడం నాకు నచ్చింది. కేరళలో కొబ్బరి అభివృద్ధి మండలి 2011 నుండి యువతకు యంత్రంతో కొబ్బరిచెట్టు ఎక్కడంలో శిక్షణ ఇస్తున్నది. 'కేర సురక్ష' అనే బీమా కూడా ఉంది. మడకశిర, అమరాపురం వైపు కొబ్బరి, వక్క తోటలున్న రైతులు దీనిని గమనించాలి.

చింతచెట్టు తాడిచెట్టు వంటిది కాదు, కొమ్మ నుండి కొమ్మకు మారాలి, తాడు అడ్డు వస్తుంది అన్న అభ్యంతరం నిజమైనదే. దానికి పరిష్కారమూ ఉంది. శరీరమంతటినీ పట్టే హార్నెస్‌కు రెండు పొట్టి తాళ్ళు ఉండాలి. ఒకటి కొత్త కొమ్మకు తగిలించిన తరువాతనే రెండవది పాత కొమ్మ నుండి తీయాలి. ఏ క్షణంలోనూ మనిషి చెట్టుకు ఆధారం లేకుండా ఉండడు. నడుముకు మాత్రమే కట్టే బెల్టు చాలదు. పడినప్పుడు అదే పొట్టను, వెన్నును దెబ్బ తీస్తుంది. భారత ప్రమాణం ఐ.ఎస్. 3521 ముద్ర చూచి కొనాలి. పెనుకొండ దగ్గర కియా కర్మాగారం వచ్చిన తరువాత మన పిల్లలెందరో కర్మాగారాల పనులకు పోతున్నారు; ఈ పట్టీలు వారికి కొత్త కావు. ఊరిలో అటువంటి కుర్రవాడు ఒకడుంటే అతడే మొదటి గురువు.

చెట్టెక్కే సోదరులకు వైద్యునిగా కొన్ని మాటలు. సీజను మొదలయ్యే ముందు రక్తపోటు, చక్కెర, కంటి చూపు పరీక్ష చేయించుకోండి. చక్కెర వ్యాధి ముదిరితే అరికాలి స్పర్శ తగ్గుతుంది. వట్టి పాదంతో కొమ్మను పట్టే మనిషికి అది కన్ను పోయినంత పని. రక్తపోటు మాత్రలు కొత్తగా మొదలు పెట్టినవారు, మోతాదు మార్చినవారు తల తిరుగుడు లేదని తేలేవరకు ఎక్కవద్దు. మూర్ఛ వ్యాధి ఉన్నవారు ఎన్నడూ ఎక్కరాదు. పరగడుపున, లేదా మద్యం పుచ్చుకొని ఎక్కరాదు. ఎండుకొమ్మ, మంచుతో తడిసిన బెరడు, తేనెపట్టు, దగ్గరలో కరెంటు తీగ, ఈ నాలుగూ క్రింద నుండే చూడాలి. ఒంటరిగా ఎక్కరాదు. పట్టీలో స్పృహ లేకుండా వ్రేలాడుతున్న మనిషిని వీలైనంత త్వరగా దింపాలి. కదలకుండా వ్రేలాడితే రక్తం కాళ్ళలో నిలిచి ప్రాణాపాయం.

క్రింద ఉన్నవారికి: మనిషి పడితే చేతులు, కాళ్ళు పట్టి ఎత్తవద్దు. కూర్చోబెట్టవద్దు. ఆటోలో ముడుచుకొని తీసుకొని పోవద్దు. నీళ్ళు త్రాగించవద్దు. 108కి ఫోను చేయండి. తల, మెడ కదలకుండా ఒకరు పట్టుకోండి. కాలి వ్రేళ్ళు కదుపుతున్నాడా అని మాత్రం చూచి, వచ్చిన సిబ్బందికి చెప్పండి. కదల్చక తప్పని పరిస్థితి అయితే నలుగురైదుగురు కలిసి, మొద్దును దొర్లించినట్లు శరీరమంతా ఒకేసారి త్రిప్పి, తలుపు రెక్క వంటి గట్టి బల్లపైకి చేర్చండి. నులకమంచం నడుమ కుంగుతుంది. వెన్ను విరిగినవానికి అది పనికిరాదు.

చివరిగా, తాడు ఎవరివ్వాలి? చెట్టెక్కే కూలీ కొనుక్కోవాలనడం న్యాయం కాదు. గీత కార్మికులకు సంఘాలున్నాయి. చింతకాయ దులిపేవాడు మూడు నెలల కూలీ, అతని తరఫున అడిగేవారు లేరు. చెట్ల కాపును పంచాయతీలు, దేవాలయాలు వేలం వేస్తాయి. గుత్తదారు పాడుకొంటాడు. ఆ వేలం షరతులలో ఒక వాక్యం చేర్చాలని నా అభిప్రాయం: చెట్టెక్కే ప్రతి మనిషికి హార్నెస్, బీమా గుత్తదారు బాధ్యత, అవి చూపనిదే కాయ దులపరాదు. కొద్ది వేల రూపాయల పట్టీ ఎన్నో సీజన్లకు వస్తుంది. మా మనవడు తిరిగి వెళ్ళే ముందు రెండు హార్నెస్‌లు తెప్పించి ఆ గ్రామంలో ఇచ్చినాడు. ఆ దోటి పట్టుకొన్న మనిషి మొదట నవ్వినాడు. తరువాత తొడుక్కొని, ఒక కొమ్మ ఎక్కి, దిగి, "రెండు చేతులూ దోటికే ఇయ్యొచ్చు సామీ" అన్నాడు.

ఈ ఏడు వేలం మీ గ్రామంలో ఎప్పుడో తెలుసుకోండి. ఆ రోజు సభకు వెళ్ళి ఈ ఒక్క వాక్యం అడగండి. నేనూ మా పంచాయతీలో అడగబోతున్నాను.