కలిసి ఉన్నందుకు శిక్షా?

చలికాలం యాప్రాల్‌లో ఫజ్ర్ వేళ వుజూ నీళ్లు వేళ్లను కొరుకుతాయి. ఇంట్లో ముసలి తల్లి ఉన్నా, బాలింత ఉన్నా నీళ్లు కాచక తప్పదు. గ్యాసు వంటకే చాలదు. బకెట్‌లో హీటరు రాడ్డు వేస్తారు. 1500 వాట్ల రాడ్డు రోజుకు రెండు గంటలు వాడితే నెలకు 90 యూనిట్లు.

2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద 200 యూనిట్ల వరకు సున్నా బిల్లు వస్తోంది. అది మేలే, కాదనము. అయితే 201వ యూనిట్ తిరిగిందా, మొత్తం వాడకానికీ బిల్లు పడుతుంది. అదీ పై శ్లాబులో: మొదటి 200 యూనిట్లకు రూ.5.10 చొప్పున 1,020 రూపాయలు, ఆ ఒక్క యూనిట్‌కు రూ.7.70, స్థిర ఛార్జీ అదనం. నిన్నటిదాకా సున్నా!

ముగ్గురు అన్నదమ్ములు, మూడు రేషన్ కార్డులు, ఒకే మీటరు ఉన్న ఇళ్లు మన బస్తీల్లో ఎన్ని లేవు? వారే విడిపోయి మూడు మీటర్లు పెట్టించుకుంటే 600 యూనిట్ల దాకా ఉచితం. పంపకాలు కాని తండ్రి ఇంట్లో అది అంత తేలికా? పొరుగు హిందూ, క్రైస్తవ ఉమ్మడి కుటుంబాలదీ ఇదే గోడు.

హద్దు దాటిన యూనిట్లకే వసూలు చేయాలి. ఒకే మీటరుపై ఎన్ని రేషన్ కార్డులుంటే అన్ని 200లు లెక్కించాలి. జీవితమంతా దస్త్రాల మధ్య గడిపిన గుమాస్తాలం మేము. ఇంతటి సవరణకు రెండు వాక్యాలు చాలు.

సోదర సోదరీమణులారా, డిసెంబరు బిల్లు, రేషన్ కార్డుల నకళ్లు పట్టుకొని జుమా తర్వాత మసీదు వద్దకు రండి. అర్జీ మేము రాసి పెడతాము.