మళ్లీ దించుకోవచ్చులే అనుకుంటే

2021 నవంబరులో పెన్నా పొంగింది. పడుగుపాడు దగ్గర పట్టాల కింద కట్ట కోసుకుపోయి గూడూరు నుంచి విజయవాడ వైపు వెళ్లే రైళ్లు ఆగాయి, జాతీయ రహదారీ తెగింది. అలాంటి రోజుల్లో నెట్ కూడా పోయి, గూడూరులో ఓ కంప్యూటరు పాడైతే బిల్లులు, ఫొటోలు పెన్‌డ్రైవులో దొరుకుతాయి. వాటిని తెరిచే సాఫ్ట్‌వేరు మాత్రం దొరకదు. మళ్లీ నెట్‌లోంచి దించుకోవచ్చులే అన్న ధీమాతో దాన్ని ఎవరూ దాచరు.

నెట్ బాగా ఉన్నచోట కూడా ఆ ధీమా చెల్లలేదు. ఎన్నో సర్వర్లు నడిపిన సెంటోస్ 7 అనే లినక్సుకు 2024 జూన్ 30తో గడువు తీరింది. ఆ వెంటనే దాని సాఫ్ట్‌వేరు ప్యాకేజీలు ఎక్కడ దొరుకుతాయో చెప్పే చిరునామా మూతపడింది. ప్యాకేజీలు తెచ్చే యమ్ కమాండు ఇచ్చినవాళ్లకు ఎర్రర్లే మిగిలాయి. ప్యాకేజీలు వాల్ట్ అనే పాత నిల్వలో భద్రంగానే ఉన్నాయి, కానీ అక్కడికి దారి ఎవరికి వారు చేత్తో రాసుకోవాల్సి వచ్చింది.

మన దగ్గర సీడాక్ వారి బాస్ లినక్సు డెబియన్ సంతతిదే. డెబియన్, ఉబుంటు వాడేవాళ్లకు ఉన్న సౌకర్యమే బాస్ వాడేవాళ్లకూ ఉంది. మనం కోరి వేసుకున్నవేవో, వాటికి తోడుగా వచ్చినవేవో ప్యాకేజీలు వేసే ఆప్ట్ అనే ప్రోగ్రాముకు గుర్తుంటుంది. ఆప్ట్-మార్క్ షోమాన్యువల్ అని అడిగితే కోరి వేసుకున్నవిగా తాను గుర్తుపెట్టుకున్నవాటి పేర్లే ఇస్తుంది. ఆ జాబితా చాలా చిన్నది. కొత్త యంత్రంలో దాన్ని ఆప్ట్‌కు అందిస్తే తోడు ప్యాకేజీలను అదే వెతికి తెచ్చుకుంటుంది.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు, అసలు నష్టం ఇక్కడే. జాబితాలో పేర్లుంటాయి, సెట్టింగులుండవు. అవి ఈటీసీ ఫోల్డరులో, హోమ్ ఫోల్డరులోని దాగిన ఫైళ్లలో ఉంటాయి. బయటి రిపాజిటరీల చిరునామాలు, వాటి తాళాలు (కీలు) కూడా విడిగా దాచాలి. వెర్షను మారితే కొన్ని పేర్లే మారిపోతాయి కాబట్టి డెబియన్ ఎన్నో వెర్షనో కూడా రాసిపెట్టాలి. నెట్ లేని వానాకాలం కోసమైతే ప్యాకేజీల డెబ్ ఫైళ్లే డిస్కులో ఉండాలి. ఆప్ట్ కమాండు ఇన్‌స్టాల్ అయ్యాక వాటిని చెరిపేస్తుంది, ఆప్ట్-గెట్ ఉంచుతుంది. ఈ తేడా తెలియక, డెబ్ ఫైళ్లు ఉన్నాయనుకుని ఖాళీ ఫోల్డరును కాపీ చేసుకునే ప్రమాదముంది.

విండోస్ వాడేవాళ్లకు వింగెట్ ఎక్స్‌పోర్ట్ అనే కమాండు ఉంది. అదీ పేర్లే రాస్తుంది. తన జాబితాలో లేని ప్రోగ్రాములను వదిలేస్తుంది.

దాచుకుంటేనే సరిపోదు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేరు సంస్థ ఇంజనీరు ఒకరు పొరపాటున అసలు డేటాబేసును తుడిచేశారు. బ్యాకప్‌కు అయిదు ఏర్పాట్లున్నా ఒక్కటీ సరిగా అక్కరకు రాలేదు. చివరకు, అంతకు ఆరు గంటల ముందు తీసిన కాపీ ఒకటి ఉండబట్టి గట్టెక్కారు. తిరిగి నిలబెట్టి చూడని బ్యాకప్‌ను నమ్మడానికి లేదని ఇంతకన్నా గట్టిగా చెప్పే ఉదాహరణ లేదు.

గూడూరులో కంప్యూటర్లు నడిపే బడులు, నెట్ సెంటర్లు, దుకాణాలు ఈశాన్య వానలు మొదలయ్యేలోగా, అంటే అక్టోబరులోగా, ఓ పాత యంత్రాన్ని తుడిచి, నెట్ కేబులు పీకేసి, దాచుకున్న డిస్కు ఒక్కదానితోనే దాన్ని మళ్లీ పనిలోకి తెచ్చి చూడాలి.